పాత పికప్ ఛాసిస్ మీద మరో డబుల్ క్యాబ్‌ను కూర్చోబెట్టే విధానం

మామిడి తోట ఉన్న ఇంటికి డబుల్ క్యాబ్ పికప్ ఎంత అవసరమో పాకాల, దామలచెరువు, బంగారుపాళెం వైపు రైతులకు వేరే చెప్పనక్కరలేదు. కోతల రోజున తొట్టిలో ఖాళీ క్రేట్లు, ముందు వెనుక సీట్లలో డ్రైవరుతో కలిపి ఐదుగురు మనుషులు ఒకే బండిలో తోటకు చేరుకుంటారు. పొద్దు వాలేసరికి అదే బండి కాయతో నిండి మండీకో గుజ్జు ఫ్యాక్టరీకో బయలుదేరుతుంది. ఇలా పది పన్నెండేళ్ళు తిరిగిన బండిలో ఇంజను, గేరుబాక్సు, ఛాసిస్ (బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం) ఇంకా సత్తువతో ఉండగానే క్యాబిన్ పాడైపోవడం మా షెడ్డులో తరచుగా చూస్తుంటాం. కాళ్ళ కింది మ్యాట్లలో ఇంకిన నీరు అడుగు రేకును తినేస్తుంది, తలుపుల కింది గుమ్మాలు లోపలి నుంచి కుళ్ళుతాయి, వెనుక సీటు కింద క్యాబిన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే చోట రేకు పొరలు పొరలుగా రాలిపోతుంది. మాసికల మీద మాసికలు వేసి నెట్టుకురావడం కొంతకాలమే సాగుతుంది. బోల్టు పట్టుకోవడానికే రేకు మిగలనప్పుడు, అదే మోడల్ బండి నుంచి గట్టి డబుల్ క్యాబ్‌ను తెచ్చి పాత ఛాసిస్ మీద కూర్చోబెట్టుకోవడం మేలు.

చిత్తూరులో ఇరవై ఏళ్ళకు పైగా టింకరింగు, ఛాసిస్ పనులు చేస్తున్న అనుభవంతో ఆ విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. పాత క్యాబిన్‌ను దించి మరోదాన్ని ఎక్కించడం ఒక్క పూట పని. ఆ పూట తడబాటు లేకుండా గడవాలంటే అంతకు ముందు వారం పది రోజులు కాగితాలకు, కొలతలకు, గుర్తులకు వెచ్చించాలి. ఈ పని చేయించుకుని తర్వాత బాధపడిన వాళ్ళలో నాకు తెలిసినవారందరూ ఆ వారాన్ని మిగుల్చుకోబోయినవారే.

పని పెట్టుకునే కాలం కూడా ముఖ్యమే. తోతాపురి కాపు జూలైతో దాదాపు ముగుస్తుంది, అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి. ఈ రెండింటి నడుమ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బండికి విశ్రాంతి ఉంటుంది, ఛాసిస్‌కు వేసిన రంగు ఆరడానికి కూడా వ్యవధి దొరుకుతుంది.

కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని (రిజిస్ట్రేషన్ పత్రంలోని) వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యే విధంగా యజమాని తన బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌కు ఇదే అర్థాన్ని ఖరారు చేసింది. అదే సంవత్సరం చేసిన సవరణతో చేరిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు శిక్ష గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. అందువల్ల ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆర్‌సీలో మొదటి నుంచీ డబుల్ క్యాబ్‌గా నమోదై ఉన్న బండికి, అదే మోడల్‌కు చెందిన, అన్నే సీట్లున్న క్యాబిన్‌ను అమర్చడం గురించి మాత్రమే.

సింగిల్ క్యాబ్ బండిని డబుల్ క్యాబ్‌గా మార్చి ఇమ్మని నెలకు ఒకరైనా మా షెడ్డుకు వస్తారు. అమెరికాలో ఛాసిస్‌ను మధ్యకు కోసి పొడిగించే వీడియోలను ఫోనులో చూపిస్తారు. ఆ పనిని నేను ఒప్పుకోను, మీరూ ఎవరి చేతా చేయించుకోవద్దని కోరుతున్నాను. సీట్ల సంఖ్య మారుతుంది, బాడీ రకం మారుతుంది, ఖాళీ బండి బరువు పెరిగి లోడు తగ్గుతుంది, తొట్టి పొడవు మారడంతో వెనుక ఇరుసు మీద పడే భారం కూడా మారుతుంది. వీటిలో ఒక్కటి ఆర్‌సీతో కలవకపోయినా, ప్రమాదం జరిగిన రోజున వెనుక సీటులో కూర్చున్న కూలీల కుటుంబాలకు బీమా సొమ్ము రావడమే ప్రశ్నార్థకమవుతుంది. ఆ నష్టాన్ని ఏ షెడ్డూ తీర్చలేదు.

పాత క్యాబిన్ స్థానంలో అలాంటిదే అమర్చేటప్పుడు కూడా ముందుగా రవాణా శాఖ కార్యాలయానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుకు బండిని పాత క్యాబిన్‌తోనే చూపించాలి. క్యాబిన్ కొన్న బిల్లు, ఆ క్యాబిన్ ఏ బండి నుంచి వచ్చిందో ఆ బండి నంబరు, దాని రిజిస్ట్రేషన్ రద్దయినట్లు ఆధారం ఒక ఫైలులో ఉంచుకోవాలి. బీమా కంపెనీకి ఒక లేఖ పంపి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. ఆర్‌సీలో రంగు కూడా నమోదై ఉంటుంది కనుక తెచ్చిన క్యాబిన్ మరో రంగులో ఉంటే మన ఆర్‌సీలోని రంగుకే మార్చాలి. ఏపీ 03 నంబరు మీద తిరుగుతున్న మన జిల్లా పాత బండ్లలో రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ళు దాటితే ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది; ఆ తేదీకి కనీసం నెల ముందు పని ముగిసేలా చూసుకుంటే ఇన్‌స్పెక్టరు ఒకేసారి రెండూ పరిశీలించడానికి వీలవుతుంది.

ఛాసిస్ నంబరు ఛాసిస్ మీదే చెక్కి ఉంటుంది. దాని మీద గ్రైండరు గాని, పుట్టీ గాని, మందపాటి రంగు గాని పడకూడదు. తుప్పు తీసేటప్పుడు ఆ చోటును ముందే గ్రీజు పూసి, ప్లాస్టిక్ టేపుతో కప్పి ఉంచండి. తెచ్చిన క్యాబిన్‌లో వేరే బండి నంబరుతో రేకు పలక బిగించి ఉండవచ్చు. దానిని మీకు మీరుగా పీకడం, మన పలకను దాని స్థానంలో అతికించడం రెండూ తప్పే. ఇన్‌స్పెక్టరుకు చూపి, ఆయన చెప్పినట్లు చేయాలి.

క్యాబిన్‌ను ఎంచుకోవడం

మన ప్రాంతం వారు పాత క్యాబిన్‌ల కోసం ఎక్కువగా వేలూరు వైపు, లేకుంటే చెన్నై పుదుపేటకు వెళతారు. 2021లో వాహనాల తుక్కు కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వం నిబంధనలు తెచ్చిన తర్వాత రిజిస్టరైన కేంద్రాల నుంచి కూడా విడిభాగాలు దొరుకుతున్నాయి. కాగితాల విషయంలో అవే నిశ్చింత. ఎక్కడ కొన్నా రెండు రకాల బండ్ల క్యాబిన్‌లను దూరం పెట్టాలి. మొదటివి, నెల్లూరు తీరం నుంచి చేపలు, రొయ్యలు మోసినవి. మంచుగడ్డతో కలిసి కారే ఉప్పునీరు వెనుక గోడ రేకును బయటి నుంచి, గుమ్మాలను లోపలి నుంచి తినేసి ఉంటుంది. రెండోవి, వరదలో మునిగినవి. 2015 డిసెంబరులో చెన్నైలో, 2021 నవంబరులో మన తిరుపతిలో, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు మళ్ళీ చెన్నైలో ఎన్నో బండ్లు రోజుల తరబడి నీటిలో నిలిచాయి. వాటిని శుభ్రంగా కడిగి, పాలిష్ చేసి అమ్మకానికి పెడతారు. సీటు బెల్టును చివరి వరకు లాగి చూడండి. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి రెండు జానల పట్టీ మీద ఎండిన బురద గీత ఉంటే, ఆ క్యాబిన్ అంత ఎత్తు వరకు నీళ్ళలో మునిగిందని అర్థం. ఆ గీతను ఎవరూ కడగరు, ఎందుకంటే అంత దూరం బెల్టును ఎవరూ లాగరు.

ప్రమాదంలో నలిగిన క్యాబిన్‌ను పసిగట్టడానికి కొలత టేపు చాలు. ముందు అద్దం తెరుపుకు రెండు కర్ణాలు (ఎదురెదురు మూలల మధ్య దూరాలు), నాలుగు తలుపుల తెరుపులకు తలా రెండు కర్ణాలు కొలవాలి. ఒకే తెరుపు కర్ణాలు తలుపు ఆకారాన్ని బట్టి ఒకదానికొకటి సమానంగా ఉండకపోవచ్చు. అయితే ఎడమ తలుపు కొలతలు కుడి తలుపు కొలతలతో కలవాలి. 3 మి.మీ. వరకు తేడాను షెడ్డులో సరిచేయవచ్చు. 6 మి.మీ. దాటితే ధర ఎంత తగ్గించినా వద్దనండి. మధ్య పిల్లరు (ముందు తలుపుకు, వెనుక తలుపుకు నడుమ ఉండే నిలువు స్తంభం) అడుగున ఫ్యాక్టరీ వేసిన చుక్క వెల్డింగులు ఒకే ఎడంతో వరుసగా కనిపించాలి. వాటి స్థానంలో పొడవాటి వెల్డింగు గీతలు కనిపిస్తే ఆ పిల్లరును ఎవరో ఒకసారి కోసి అతికించారన్నమాట.

మోడల్ పేరు ఒకటే అయినంత మాత్రాన క్యాబిన్ కూర్చుంటుందని నమ్మకూడదు. ఒకే పేరు మీద కంపెనీలు ఏళ్ళ తరబడి ఛాసిస్‌ను మారుస్తూ వస్తాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డీ-మాక్స్ వీ-క్రాస్ వీల్‌బేస్ (ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం) 3,095 మి.మీ. అని బ్రోచరులో ఉంటుంది. అలాంటి సంఖ్య రెండు బండ్లకూ కలిసినా క్యాబిన్ బోల్టుల రంధ్రాలు కలవాలన్న నియమం లేదు. అందువల్ల మన ఛాసిస్ మీది మౌంటింగు రంధ్రాలన్నిటికీ సన్నని ప్లైవుడ్ పట్టీల మీద నమూనా తీసి, ఆ పట్టీలను వెంట తీసుకుని క్యాబిన్ కొనడానికి వెళ్ళాలి. పట్టీ పెట్టి చూసి, అన్ని రంధ్రాలలోనూ బోల్టు దూరిన తర్వాతే అడ్వాన్సు ఇవ్వాలి. ఈ పట్టీలు చేయడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది. చెన్నై నుంచి క్యాబిన్‌ను తిరిగి పంపడానికయ్యే లారీ బాడుగతో పోలిస్తే ఆ మధ్యాహ్నం ఎంతో చవక.

ఇంకొక మాట. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. ఆ తర్వాతి క్యాబిన్‌లలో యాక్సిలరేటరుకు కేబులుకు బదులు వైరుతో పనిచేసే పెడల్, ఇంజను కంప్యూటరుతో మాట్లాడే మీటరు బోర్డు ఉండవచ్చు. పాత ఇంజనుకు అవి పనికిరావు. అలాంటి క్యాబిన్ కొంటే పెడల్స్, మీటరు బోర్డు, వైరింగు కట్ట మొత్తం పాత క్యాబిన్ నుంచే విప్పి అందులోకి మార్చుకోవాలి. రెండు కట్టలను మధ్యలో కోసి కలపడం కంటే ఒక కట్టను మొత్తంగా మార్చడమే ఎప్పుడూ మంచిది.

ఛాసిస్‌ను కొలవడం

పాత క్యాబిన్ ఇంకా బండి మీద ఉండగానే తొలి కొలతలు తీయాలి. క్యాబిన్ వెనుక గోడకు, తొట్టికి మధ్యనున్న సందును ఎడమ పక్క, కుడి పక్క, పైన, కింద కొలిచి రాసుకోండి. బంపరుకు, టైర్లకు, ముందు మడ్‌గార్డులకు మధ్య ఎడం కూడా రాయండి. క్యాబిన్ దిగిపోయాక ఈ కొలతలను మళ్ళీ తెచ్చుకునే మార్గం లేదు.

దించిన తర్వాత ఛాసిస్‌ను గట్టి సిమెంటు నేల మీద నాలుగు స్టాండ్ల మీద నిలపాలి. ఇక్కడ తాపీ మేస్త్రీ పనిముట్లే మనకు కావాలి. తూకపు గుండును ఒక్కొక్క మౌంటింగు రంధ్రం నడిమధ్య నుంచి వేలాడదీసి, అది నేలను తాకబోయే చోట సుద్దతో చుక్క పెట్టాలి. అన్ని రంధ్రాలకూ చుక్కలు పెట్టాక స్టాండ్ల మీది ఛాసిస్‌ను ముట్టుకోకుండా నేల మీది చుక్కల మధ్య కర్ణాలను టేపుతో కొలవాలి. ఎడమ ముందు చుక్క నుంచి కుడి వెనుక చుక్కకు, కుడి ముందు నుంచి ఎడమ వెనుకకు ఉన్న దూరాలు సమానంగా ఉంటే ఛాసిస్ మూలమట్టానికి సరిగ్గా ఉన్నట్లు. మేము 5 మి.మీ. తేడా వరకు ఒప్పుకుంటాం. అంతకు మించితే ఏదో ఒక రోజు ఆ బండి ఒక మూల గట్టి దెబ్బ తిన్నదని గ్రహించి, ఛాసిస్ సరిచేసే యంత్రం ఉన్న చోటికి పంపుతాం. షెడ్డులో గొలుసు కట్టి లాగి సరిచేయాలని చూడకూడదు.

కర్ణాలు కలిసినా ఛాసిస్ మెలిపడి ఉండవచ్చు. మెలికను పట్టుకోవడానికి మేస్త్రీలు గోడ మట్టానికి వాడే నీళ్ళ గొట్టాన్ని మించినది లేదు. పారదర్శకమైన గొట్టంలో బుడగ లేకుండా నీరు నింపి, ఒక కొసను ముందు ఎడమ మౌంటింగు దగ్గర, రెండో కొసను మిగిలిన మౌంటింగుల దగ్గర వరుసగా పెట్టి నీటి మట్టం నుంచి ఇనుము ఎంత దిగువన ఉందో రాసుకోవాలి. ఎడమ కుడి జతల తేడా ముందు ఎంత ఉందో వెనుకా అంతే ఉంటే మెలిక లేదు, నేల వాలు మాత్రమే ఉంది. ముందు జతలో ఎడమ ఎత్తుగా, వెనుక జతలో కుడి ఎత్తుగా ఉంటే ఛాసిస్ మెలి తిరిగింది. చిన్న మెలికను షిమ్ ప్లేట్లతో (సందులో దూర్చే పలుచని రేకు బిళ్ళలతో) సర్దవచ్చునని చాలామంది అంటారు. 2, 3 మి.మీ. వరకు నేనూ ఒప్పుకుంటాను. అంతకు మించి ప్లేట్లు పేర్చితే క్యాబిన్ బరువు కొన్ని బుష్‌ల (క్యాబిన్‌కు, ఛాసిస్‌కు మధ్య ఉండే రబ్బరు దిమ్మల) మీదే పడి, ఏడాది తిరగకముందే అడుగు రేకు చీలుతుంది.

తుప్పు సంగతి సుత్తి చెబుతుంది. చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా కొడుతూ పోతే మంచి ఇనుము గంటలా మోగుతుంది, కుళ్ళిన చోట మట్టికుండ మీద కొట్టినట్లు మొద్దుగా వినిపిస్తుంది. వెనుక స్ప్రింగు పట్టీల హ్యాంగర్ల దగ్గర, అడ్డ కమ్మీలు కలిసే మూలల్లో, బురద చేరి గట్టిపడే పెట్టె భాగాల లోపల ప్రత్యేకంగా చూడాలి. వెల్డింగు అవసరమైతే బ్యాటరీ రెండు కొసలూ, ఇంజను కంప్యూటరు ఉంటే దాని కనెక్టర్లూ విప్పాలి. ఛాసిస్ పైఅంచుకు, కిందిఅంచుకు రంధ్రాలు వేయకూడదు. ఛాసిస్‌కు అడ్డంగా నిలువు గీతలో వెల్డు వేయకూడదు. అతుకు పలకను వజ్రం ఆకారంలో కోసి, దాని ఏటవాలు అంచుల వెంట వెల్డు వేస్తే ఒత్తిడి ఒక్క గీత మీద పడకుండా పరచుకుంటుంది. ఆ తర్వాత తుప్పు గీకి, జింకు ప్రైమరు వేసి, నల్ల రంగు పూసి, పెట్టె భాగాల లోపలికి మైనపు స్ప్రే కొట్టాలి.

దించడం, ఎక్కించడం

డబుల్ క్యాబ్‌కు నాలుగు తలుపుల తెరుపులు ఉన్నందువల్ల తలుపులు తీసేస్తే దాని బలం తగ్గిపోతుంది. తలుపులు లేకుండా ఎత్తిన డబుల్ క్యాబ్ తన బరువుకు తానే నడుం దగ్గర వంగుతుంది. అందువల్ల తెచ్చిన క్యాబిన్‌లో ముందు పిల్లరు నుంచి మధ్య పిల్లరుకు, మధ్య పిల్లరు నుంచి వెనుక పిల్లరుకు, ఎడమ మధ్య పిల్లరు నుంచి కుడి మధ్య పిల్లరుకు ఇనుప పైపులను బోల్టులతో గాని, చిన్న వెల్డు చుక్కలతో గాని బిగించాలి. బిగించే ముందు, బిగించిన తర్వాత కర్ణాలు కొలిచి సమానమని నిర్ధారించుకోవాలి. క్యాబిన్ ఛాసిస్ మీద కూర్చుని, అన్ని బోల్టులూ బిగిసి, తలుపులు సరిపడే వరకు ఆ పైపులను తీయకూడదు.

పాత క్యాబిన్‌ను ఎత్తే ముందు ఛాసిస్‌కు, క్యాబిన్‌కు మధ్య ఉన్న బంధాలన్నిటినీ విప్పాలి. బానెట్, ముందు మడ్‌గార్డులు, రేడియేటరు, దాని పైపులు, హీటరు పైపులు ముందుగా తీస్తాం. ఏసీ ఉంటే దాని గ్యాసును ఏసీ మెకానిక్ యంత్రంలోకి తీయించాలి, గాలిలోకి వదలకూడదు. బ్రేకు, క్లచ్ నూనె గొట్టాలు విప్పిన వెంటనే కొసలకు రబ్బరు మూతలు పెట్టాలి. ఆ నూనె రంగు మీద పడితే రంగు పొక్కిపోతుంది. బ్రేకు బూస్టరు వాక్యూమ్ గొట్టం, యాక్సిలరేటరు కేబులు, గేరు లివరు, హ్యాండ్ బ్రేకు కేబులు, స్పీడోమీటరు కేబులు, వైరింగు కనెక్టర్లు, ఎర్త్ పట్టీలు వరుసగా విప్పుతూ ప్రతి కొసకూ ప్లాస్టరు పట్టీ అంటించి దాని మీద రెండు కొసలకూ ఒకే అంకె వేయాలి. ఫోటోలు తీసుకోవడం మంచిదే, అయితే నూనె చేతులతో ఫోను వెతుక్కోవడం కంటే బండి మీదే ఉన్న అంకె త్వరగా దారి చూపుతుంది.

స్టీరింగు షాఫ్టును విడదీసే ముందు చక్రాలను నేరుగా ఉంచి, జాయింటు మీద, షాఫ్టు మీద కలిసేలా ఒకే గీత గీయాలి. ఆ జాయింటును పట్టి ఉంచే బోల్టు షాఫ్టులోని గాడి గుండా వెళ్ళాలి. తిరిగి కలిపేటప్పుడు షాఫ్టు పూర్తిగా దిగకపోయినా బోల్టు పైపైన దూరినట్లే అనిపిస్తుంది, బిగిసినట్లే ఉంటుంది, కాని గాడిలో ఉండదు. బోల్టు పెట్టకముందు షాఫ్టును చేత్తో పైకి లాగి చూడటం, పెట్టాక మళ్ళీ లాగి చూడటం తప్పనిసరి. గాడిలో పడితే అది ఒక్క వెంట్రుక వాసి కూడా కదలదు.

క్యాబిన్ మౌంటింగు బోల్టులు ఏళ్ళ తుప్పుతో లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుపోయి ఉంటాయి. రెండు రోజుల ముందు నుంచే ఉదయం సాయంత్రం వాటికి తుప్పు వదిలించే నూనె పట్టించాలి. బలంగా తిప్పితే క్యాబిన్ లోపల వెల్డు చేసిన నట్టు ఊడి బోల్టుతో పాటే తిరుగుతుంది. పాత క్యాబిన్ ఎలాగూ తుక్కుకే పోతుంది కనుక అలా జరిగితే బోల్టును కోసేయవచ్చు. తెచ్చిన క్యాబిన్‌లో మాత్రం అన్ని నట్లలోనూ ముందుగానే ట్యాపు (నట్టులో మరలు కోసే పనిముట్టు) తిప్పి మరలు శుభ్రం చేసుకోవాలి.

ఎత్తడానికి ఒక టన్ను సామర్థ్యానికి తక్కువ కాని చైన్ పుల్లీ, గట్టి ఇనుప స్టాండు, రెండు వెడల్పాటి బెల్టులు కావాలి. పల్లెల్లో చింతచెట్టు కొమ్మకు పుల్లీ కట్టి ఇంజన్లు దించేవాళ్ళున్నారు. క్యాబిన్ విషయంలో ఆ పని చేయకండి. కొమ్మ ఊగితే క్యాబిన్ తిరుగుతుంది, దానిని చేతులతో ఆపబోయిన మనిషి ఛాసిస్‌కు, క్యాబిన్‌కు మధ్య ఇరుక్కుంటాడు. మొదట రెండు అంగుళాలు మాత్రమే ఎత్తి ఆపాలి. ఒకరు టార్చి పట్టుకుని బండి చుట్టూ తిరుగుతూ, పక్క నుంచి వంగి కింది భాగం కూడా చూడాలి. ఎక్కడో ఒక వైరో, ఒక పట్టీయో ఇంకా పట్టుకునే ఉంటుంది. ఎత్తిన క్యాబిన్ కింద ఎవరూ తల పెట్టకూడదు. ఛాసిస్‌నే వెనక్కి తోసి, క్యాబిన్‌ను చెక్క దిమ్మల మీదకు దించాలి.

ఎక్కించేటప్పుడు పాత బుష్‌లను వాడవద్దు. బుష్‌లో పై రబ్బరు, కింది రబ్బరు, వాటి మధ్య ఇనుప గొట్టం ఉంటాయి. బోల్టు ఎంత బిగించినా రబ్బరు ఎంత వరకు నలగాలో నిర్ణయించేది ఆ గొట్టం పొడవే. తుప్పుకు అరిగి పొట్టిదైన గొట్టంతో బిగిస్తే రబ్బరు పిప్పి అవుతుంది. క్యాబిన్‌ను మెల్లగా దించుతూ ముందు రెండు బోల్టులను, తర్వాత వెనుక రెండింటిని, చివర మధ్యవాటిని చేత్తోనే తిప్పి పెట్టాలి. స్పానరు ఇంకా తీయకూడదు. ముందుగా రాసుకున్న తొట్టి సందు కొలతలు తీసి, క్యాబిన్‌ను కొంచెం కొంచెంగా జరిపి నాలుగు చోట్లా అవే కొలతలు వచ్చేలా చూడాలి.

అప్పుడు తలుపులు వేలాడదీయాలి. తలుపు అంచుకు, పిల్లరుకు మధ్య సందులో ఒకే మందం ఉన్న అట్ట ముక్కలు దూర్చి పై నుంచి కింది వరకు జరపండి. వెనుక తలుపు సందు పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉంటే క్యాబిన్ వెనుక భాగం కిందికి వాలిందని అర్థం; వెనుక బుష్‌ల కింద ఒక పలుచని షిమ్ ప్లేటు వేసి మళ్ళీ చూడాలి. కీలును వంచి తలుపును సరిచేయడం తప్పు దారి, ఎందుకంటే క్యాబిన్‌లోని లోపం అలాగే ఉండిపోతుంది. నాలుగు తలుపులూ వేలితో తోస్తే చప్పుడు లేకుండా పడేంత వరకు ఈ పని సాగాలి. మా షెడ్డులో ఒక్కోసారి దీనికే రోజంతా పడుతుంది, ఆ రోజును నేను ఎన్నడూ తొందరపెట్టను. తర్వాతనే బోల్టులను ఎదురెదురు మూలల వరుసలో, మూడు విడతలుగా, మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు టార్క్ స్పానరుతో బిగించి, లోపలి పైపులు తీయాలి.

ఎర్త్, బ్రేకులు, పరీక్ష

ఎర్త్ పట్టీల విషయంలో నాకు ఎదురైన ఒక పొరపాటును దాచకుండా చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం ఒక బండిలో బ్యాటరీ నెగటివ్ వైరు క్యాబిన్ వైపు రేకుకు కలిసి ఉంది. ఇంజనుకు, క్యాబిన్‌కు మధ్య ఉండే జడలాంటి రాగి పట్టీని నేను తిరిగి బిగించడం మరచిపోయాను. తాళం తిప్పగానే స్టార్టరు నీరసంగా మూలిగింది. బ్యాటరీ బలహీనంగా ఉందనుకుని మళ్ళీ మళ్ళీ తిప్పాను. కాసేపటికి యాక్సిలరేటరు కేబులు పైతొడుగు నుంచి పొగ వచ్చింది. ఇంజను నుంచి తిరిగి రావలసిన విద్యుత్తు వేరే దారి లేక ఆ సన్నని కేబులు గుండా పారి, దానిని కాల్చేసింది. అప్పటి నుంచి బ్యాటరీ కలిపే ముందు ఎర్త్ పట్టీలను వేలు పెట్టి లెక్కిస్తాను. ప్రతి పట్టీ కింద రంగు గీకి మెరిసే ఇనుము కనిపించాలి, బిగించాక దాని మీద గ్రీజు పూయాలి. కొత్తగా రంగు వేసిన ఛాసిస్ మీద రంగు పైనే పట్టీని బిగిస్తే పట్టీ లేనట్లే లెక్క.

బ్రేకు గొట్టాలు కలిపాక కొత్త నూనె పోసి గాలి తీయాలి. మన బండ్లలో మాస్టరు సిలిండరు కుడి పక్క ఉంటుంది కనుక దానికి దూరమైన వెనుక ఎడమ చక్రంతో మొదలుపెట్టి, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి వరుసలో తీయడం మామూలు పద్ధతి. మాన్యువల్ మరో వరుస చెబితే దానినే పాటించాలి. వెనుక ఇరుసు మీద లోడును బట్టి బ్రేకు ఒత్తిడిని సర్దే వాల్వు ఉంటే దాని కడ్డీ వంగకుండా, తుప్పుతో బిగుసుకోకుండా ఉందో లేదో చూడాలి. సీటు బెల్టుల బోల్టులు ఐదు సీట్లకూ ఫ్యాక్టరీ రంధ్రాలలోనే బిగించాలి. హెడ్‌లైట్ల ఎత్తును గోడ ముందు సరిచూడాలి.

తొలి పరీక్ష ఖాళీ బండితో, చదునైన ఖాళీ స్థలంలో, నడక వేగంతో జరగాలి. చక్రాలను రెండు పక్కలా చివరి వరకు తిప్పినప్పుడు టైరు ఎక్కడా రాసుకోకూడదు, స్టీరింగు మధ్యలో బిగుసుకోకూడదు. ఐదారుసార్లు గట్టిగా బ్రేకు వేసి ఆపాక బండి కింద పడుకుని గొట్టాల అతుకులన్నిటినీ పొడి గుడ్డతో తుడిచి తడి ఉందేమో చూడాలి. ఆ తర్వాత సగం లోడుతో మామూలు రోడ్డు మీద 50 కి.మీ. నడపవచ్చు. మొగిలి ఘాట్‌కు గాని, భాకరాపేట ఘాట్‌కు గాని, తిరుమల దారికి గాని అంతకు ముందు తీసుకుపోకూడదు. దిగుడు దారిలో బ్రేకు లోపం బయటపడితే సరిదిద్దుకునే చోటు ఉండదు.

500 కి.మీ. తిరిగాక కొత్త రబ్బరు కుదురుకుని మౌంటింగు బోల్టుల బిగువు కొంత తగ్గుతుంది. బండిని మళ్ళీ చదునైన నేల మీద నిలిపి, అదే వరుసలో, అదే బిగువుకు బిగించాలి. తొట్టి సందును నాలుగు చోట్లా కొలిచి మొదటి రోజు కాగితంతో పోల్చాలి. కొలత ఏ మూలైనా 2 మి.మీ.కు మించి మారి ఉంటే ఆ మూల బుష్‌ను విప్పి చూడాలి. మారకపోతే ఆ కాగితాన్ని కూడా బిల్లులున్న ఫైలులో పెట్టి, ఇన్‌స్పెక్టరు దగ్గరికి బండిని తీసుకువెళ్ళవచ్చు.